ఏఏసీ బ్లాకు: బరువు తక్కువ, నీళ్లతో పేచీ ఎక్కువ

చిన్న ఇంటి గోడలకు ఏఏసీ బ్లాకు (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, అంటే పొంగించి ఆవిరిలో ఉడికించిన తేలిక కాంక్రీటు దిమ్మ) వాడొచ్చా అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. అమ్మేవాళ్లు బ్లాకును నీళ్ల తొట్టెలో వేసి తేలించి చూపిస్తారు. ఇటుకతో చేయి తిరిగిన మేస్త్రీ ఎక్కడో కట్టిన గోడ మీది పగులు చూపిస్తాడు. ఇద్దరూ చూపించేది నిజమే. కానీ సరుకు మంచిచెడ్డలు ఆ రెండింటి వల్లా తెలియవు. ఘనపు మీటరుకు వెయ్యి కేజీల లోపు తూగేది ఏదైనా నీళ్లలో తేలుతుంది, నాసిరకం బ్లాకు కూడా. ఇక పగులు సంగతికొస్తే, చాలాసార్లు తప్పు బ్లాకుది కాదు. ఒళ్లంతా తడి ఉన్నప్పుడే దాన్ని గోడకెక్కించారు, ఆ తర్వాత పైనుంచి మరింత నీళ్లు కొట్టారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. పిల్లర్లు, బీములు ఉన్న చిన్న ఇంటికి, పునాది మట్టం పైన, బాత్రూము అడుగు వరసలు వదిలేసి వాడుకుంటే ఏఏసీ బ్లాకు మంచి సరుకు. ఇటుకలాగే తడిపి, ఇటుకలాగే కట్టి, ఇటుకలాగే సుత్తి ఉలితో గాడి కొడితే మాత్రం దీన్ని కొనకపోవడమే మేలు. దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వెతుక్కుంటూ పోతే చివరికి నీళ్ల దగ్గరే తేలుతుంది. కట్టుబడి నేర్చుకుంటున్నవాళ్లు ఈ ఒక్క సరుకును క్షుణ్ణంగా చదివితే కుదింపు (ఆరేటప్పుడు కొలత తగ్గడం), పీల్పు (నీళ్లు తాగడం), బరువు, వేడి, అతుకు అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

అసలు ఇదేమిటి

ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా వచ్చే మెత్తని బూడిద) గానీ మెత్తగా రుబ్బిన ఇసుక గానీ తీసుకుని సిమెంటు, సున్నం, కొద్దిగా జిప్సం, నీళ్లు కలుపుతారు. అందులో చాలా కొద్దిగా అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో అల్యూమినియం కలిసేసరికి హైడ్రోజన్ పుట్టి ముద్ద పులిసిన పిండిలా పొంగుతుంది. కాస్త గట్టిపడ్డాక తీగలతో కోసి, ఒత్తిడి ఆవిరి పెట్టె అయిన ఆటోక్లేవ్‌లోకి తోస్తారు. అక్కడ 180 నుంచి 200 డిగ్రీల ఆవిరిలో, 10–12 బార్ల ఒత్తిడి కింద ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మగ్గుతుంది. ఆ వేడిలో సున్నం, సిలికా కలిసి టోబర్మొరైట్ అనే స్ఫటికంగా మారతాయి. బ్లాకుకు బలం దాని వల్లే వస్తుంది. 1920ల్లో స్వీడన్ ఆర్కిటెక్ట్ యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ కనిపెట్టిన పద్ధతికి, ఇప్పటి పద్ధతికి మూలంలో తేడా లేదు.

దీని నుంచి రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. బలమంతా ఫ్యాక్టరీలోనే వచ్చేసింది కాబట్టి సైటులో బ్లాకుకు క్యూరింగ్ (నీళ్లు కొట్టి గట్టిపడనివ్వడం) అక్కర్లేదు. రెండోది, ఆవిరిలోంచి బయటికొచ్చిన బ్లాకు ఒంట్లో తన పొడి బరువులో దాదాపు మూడో వంతు నీళ్లుంటాయి. అవి పోవడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది.

నురుగు కాంక్రీటుతో చేసే సీఎల్‌సీ బ్లాకు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, అది కూడా తేలుతుంది. దాన్ని ఆవిరిలో ఉడికించరు, నురుగు కలిపి అచ్చు పోసి ఆరబెడతారు. అందుకే ఆరేటప్పుడు కుదింపు చాలా ఎక్కువ. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే అక్కడ కొనకండి. రంగు చూసి కూడా మోసపోవద్దు. ఫ్లైయాష్‌తో చేసింది బూడిదరంగులో, ఇసుకతో చేసింది తెల్లగా ఉంటుంది. తెలుపు కాబట్టి మేలురకం అనడానికి లేదు.

లారీ దిగగానే చూడాల్సినవి

ఎక్కువగా దొరికే కొలత 600 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తు. మందం 100, 150, 200 మి.మీ. ఇంటి పనికి వాడేది ఘనపు మీటరుకు 550–650 కేజీల సాంద్రత, చదరపు మిల్లీమీటరుకు 3–4 న్యూటన్ల బలం ఉన్న రకం. పరీక్షా కాగితం అడిగి తీసుకోండి. అందులో సాంద్రత, బలం, ఆరేటప్పటి కుదింపు మూడూ ఉండాలి. కుదింపు 0.05 శాతం లోపు ఉండాలి. అంటే మీటరుకు అర మిల్లీమీటరు. నాలుగు మీటర్ల గోడ పూర్తి తడి నుంచి పూర్తిగా ఆరేలోపు రెండు మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. రెండు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది గానీ, పూత మీద చూస్తే అదే దూరం నుంచి కనిపించే పగులు.

కాగితం చూశాక తూకం వేయాలి. ఇది అందరూ వదిలేసే పరీక్ష. బాత్రూములో వాడే మామూలు తూకం యంత్రం చాలు. 600×200×200 బ్లాకు ఘనపరిమాణం 0.024 ఘనపు మీటర్లు. 600 కేజీల సాంద్రత అయితే పొడిగా 14.4 కేజీలు తూగాలి. గాలిలో ఆరిన బ్లాకులో ఎప్పుడూ కొద్దిగా తేమ ఉంటుంది కనుక 15 కేజీలంటే ఆరినట్టే. 18 దాటితే నిన్నో మొన్నో ఆవిరిలోంచి తీసింది. చేత్తో ముడితే వెచ్చగా తగిలే బ్లాకులు కూడా సైటుకు రావడం ఉంది. వాటిని వెనక్కి పంపనక్కర్లేదు, వెంటనే కట్టకుండా ఉంటే చాలు. నాలుగైదు బ్లాకుల మీద సుద్దతో నంబరు వేసి వారం వారం తూచండి. బరువు తగ్గడం నెమ్మదించి 16 దగ్గరికొచ్చాక గోడకెక్కించొచ్చు. సాంద్రత వేరే అయితే ఈ అంకెలు కూడా ఆ నిష్పత్తిలోనే మారతాయి.

తర్వాత కొలత. ఐదు బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి టేపు పెడితే సరిగ్గా 1000 మి.మీ. రావాలి. ఐదు మి.మీ. తేడా వచ్చిందంటే బ్లాకుల మధ్య 3 మి.మీ. జిగురు అతుకుతో కట్టడం కుదరదు. ఎత్తుపల్లాలు సరిచేయడానికి జిగురు మందం పెంచుతారు, అక్కడే లెక్క తప్పుతుంది. మూలలు విరగడం మామూలే. నూటికి ఐదు దాకా పర్వాలేదు, విరిగినవి కోతముక్కలుగా పనికొస్తాయి.

నిల్వ చేసేటప్పుడు నేల మీద పెట్టొద్దు. చెక్కల మీద, కనీసం 100 మి.మీ. ఎత్తున పేర్చి పైన మాత్రమే టార్పాలిన్ కప్పండి, పక్కలు వదిలేయండి. చుట్టూ చుట్టేస్తే లోపలి తడి బయటికి పోదు.

నేర్చుకునేవాళ్లకు ఒక చిన్న ప్రయోగం. ఒక బ్లాకును రంపంతో అడ్డంగా కోసి, ఆ ముక్కను రెండు సెంటీమీటర్ల నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టండి. పక్కన ఒక ఎర్ర ఇటుక కూడా పెట్టండి. ఇటుక త్వరగా నీళ్లు లాక్కుని పైపైకి రంగు మారుతూ పోతుంది. ఏఏసీ ముక్కలో తడి గీత కాస్త ఎక్కి నెమ్మదిస్తుంది. ఇక్కడే ఆపేస్తే ఏఏసీయే మేలనిపిస్తుంది. మర్నాడు రెండింటినీ బయటికి తీసి ఆరబెట్టండి. ఇటుక ముందుగా ఆరిపోతుంది. ఏఏసీ ముక్క పైకి పొడిగా కనిపించినా చేతిలోకి తీసుకుంటే బరువుగానే ఉంటుంది. తాగడం నిదానం, వదలడం అంతకంటే నిదానం. ఈ సమీక్షలో మిగతాదంతా ఆ స్వభావం చుట్టూ తిరిగేదే.

కట్టుబడి

మొదటి వరస మీదే సగం గోడ నాణ్యత ఆధారపడి ఉంటుంది. ప్లింత్ బీము (పునాది మీది బీము) మీద తేమ నిరోధక పొర వేశాక, మొదటి వరసను జిగురుతో కాకుండా 1:4 సిమెంటు మాలుతో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక), 15–20 మి.మీ. పరుపు మీద కూర్చోబెట్టాలి. బీము ఎగుడుదిగుళ్లు ఆ పరుపులోనే సర్దుకోవాలి. పై వరసల్లో 3 మి.మీ. అతుకులు కాబట్టి సర్దుకోవడానికి చోటుండదు. రసమట్టం పెట్టి, దారం కట్టి, మూలమట్టంతో కోణాలు చూసి, ఆ వరసను ఒక రాత్రి వదిలేయండి. రెండో వరస మర్నాడే.

రెండో వరస నుంచి బ్లాకు జిగురు. మేస్త్రీలు కెమికల్ అనేది దీన్నే. పొడికి సుమారు నాలుగో వంతు బరువు నీళ్లు పడతాయి, అంటే 40 కేజీల సంచికి పది లీటర్లు. సంచి మీద రాసిన కొలతే ఖాయం. డ్రిల్లుకు తిప్పుడు కడ్డీ బిగించి కలిపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ కలపాలి. గంటన్నర రెండు గంటల్లో వాడేయాలి. గట్టిపడుతోందని మధ్యలో నీళ్లు పోసి మళ్లీ కలిపిన జిగురుతో కట్టిన గోడ కట్టిన రోజు బాగానే కనిపిస్తుంది, ఆ వరస దగ్గరే తర్వాత విడుతుంది.

ఇటుక కట్టే చేతికి ఇక్కడ ఒక అలవాటు మానుకోవడం కష్టం. ఇటుకను నానబెట్టి కట్టాలి. ఏఏసీ బ్లాకును నానబెట్టకూడదు. జిగురులో నీళ్లను పట్టి ఉంచే పదార్థం కలిపే ఉంటుంది కాబట్టి బ్లాకును తడపాల్సిన పని లేదు. బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. ఈ దుమ్ము చిన్న విషయం కాదు. కోసిన ముఖం మీద పిండిలాంటి పొడి పేరుకుంటుంది, జిగురు ఆ పొడికి అంటుకుని బ్లాకుకు అంటదు. కట్టిన పది నిమిషాలకు ఒక బ్లాకును ఊడబెరికి చూడండి. రెండు ముఖాలకూ జిగురు గీతలు అంటి ఉంటే పని సరైనది. ఒకవైపే ఉండి, రెండోవైపు నున్నగా తెల్లటి పొడి కనిపిస్తే దులపలేదని అర్థం, లేదా జిగురు పరిచాక బ్లాకు పెట్టడం ఆలస్యమైందని. సిమెంటు మాలుతోనే కట్టాలనుకుంటే 1:6 పాళ్లు, 10–12 మి.మీ. అతుకు, అప్పుడు మాత్రం ముఖం మీద నీళ్లు చిలకరించాలి. చిలకరించడం అంటే చిలకరించడమే, తొట్టెలో ముంచడం కాదు.

జిగురు పరచడానికి గోడ మందానికి సరిపోయే పళ్ల తాపీ వాడాలి. బ్లాకు పెట్టాక రబ్బరు సుత్తితో తట్టి ఐదారు నిమిషాల్లోపే సర్దాలి. ఎక్కువ సైట్లలో కనిపించే తప్పు నిలువు అతుకు ఖాళీగా వదిలేయడం. పూతలో కప్పబడిపోతుంది కదా అనుకుంటారు. ఆ సందులోంచే వాన నీళ్లు, శబ్దం రెండూ లోపలికొస్తాయి. వరసకూ వరసకూ అతుకులు సగం బ్లాకు తప్పాలి, ఎట్టి పరిస్థితిలోనూ 100 మి.మీ. కంటే తగ్గకూడదు. రోజుకు ఆరేడు వరసలు మించొద్దు.

సామాను లెక్క: 200 మి.మీ. మందం గోడ పది చదరపు మీటర్లకు 83 బ్లాకులు, తరుగు కలిపి 87. జిగురు 3 మి.మీ. మందంలో సుమారు 65 కేజీలు, 100 మి.మీ. గోడకు అందులో సగం. మేస్త్రీ చేయి 6 మి.మీ.కి వెళ్లిందంటే జిగురు రెట్టింపవుతుంది. సగం గోడకే సంచులు అయిపోతే మొదట అతుకు మందం కొలవండి, తర్వాత బ్లాకుల ఎత్తు కొలవండి.

గోడకు, పిల్లరుకు మధ్య 10 మి.మీ. సందు ఉంచి, రెండు మూడు వరసలకోసారి జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ గానీ 8 మి.మీ. ఊచ గానీ పిల్లరులో దింపి వరసలోకి లాగాలి. పై బీము కింద 10–15 మి.మీ. సందు వదలాలి. దాన్ని వెంటనే సిమెంటుతో గట్టిగా కూరడం తప్పు. పై స్లాబుకు ఆసరాగా పెట్టిన చెక్క విప్పాక బీము కొద్దిగా వంగుతుంది. కింద గోడ బిగిసి ఉంటే ఆ బరువంతా నేరుగా గోడ మీదికి దిగుతుంది, పగులు మొదలయ్యేది అక్కడే. స్లాబు చెక్క విప్పాక, గోడ కట్టి కనీసం వారం దాటాక, మెత్తని పూరకంతో ఆ సందు మూయండి.

100 మి.మీ. అడ్డగోడలకు ప్రతి 1.2 మీటర్ల ఎత్తుకు రెండు 8 మి.మీ. ఊచలతో 75–100 మి.మీ. కాంక్రీటు పట్టీ వేయాలి. గోడ నాలుగు మీటర్ల పొడవు దాటితే మధ్యలో ఒక సన్నని నిలువు కాంక్రీటు పట్టీ కూడా కావాలి. లింటెల్ (తలుపు, కిటికీ పైన వేసే దూలం) రెండు వైపులా 200 మి.మీ. తగ్గకుండా కూర్చోవాలి. కిటికీ కింద పట్టీ తప్పనిసరి. కిటికీ అడుగు మూల నుంచి ఏటవాలుగా దిగే పగులు ఈ బ్లాకు గోడల్లో బాగా ఎక్కువ. పట్టీ కిటికీకి అటూ ఇటూ కనీసం 300 మి.మీ. సాగితే ఆ పగుళ్లు చాలావరకు తగ్గుతాయి. పిల్లర్లు లేకుండా ఏఏసీ గోడ మీదే స్లాబు మోయించాలనుకుంటే ఈ బలం రకం బ్లాకుతో సొంత లెక్కలు పనికిరావు, స్ట్రక్చరల్ ఇంజినీరు డిజైన్ ఉండాలి. బీము కొస కూర్చునేచోట కాంక్రీటు దిమ్మ వేయకపోతే బ్లాకు అక్కడ నలిగిపోతుంది.

పూత, గాడులు, మేకులు

కట్టిన గోడను మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. కుదింపులో పెద్ద భాగం అప్పటికి అయిపోతుంది. తర్వాత పూత వేస్తే పగిలేందుకు మిగిలేది తక్కువ. పని తొందరలో అందరూ కత్తిరించేది ఈ గడువునే.

పూత గట్టిగా ఉంటే మంచిదనే నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది. 1:3 పాళ్ల పూత బ్లాకు కంటే చాలా గట్టిది. ఆరుతూ కుదించుకునేటప్పుడు బ్లాకు పైపొరను చీల్చుకుని విడిపోతుంది. 1:6, వీలైతే కాస్త సున్నం కలిపింది, లేదా ఏఏసీకి ప్రత్యేకించిన రెడీమిక్స్ పూత వాడండి. లోపల 8–10 మి.మీ., బయట 15 మి.మీ. చాలు. ముందు పల్చటి సిమెంటు ఇసుక చిమ్మి గరుకు పొర చేసి మర్నాడు పూత వేస్తే పట్టు బాగుంటుంది. పిల్లరు, బీము కలిసే ప్రతిచోటా అటూ ఇటూ 150 మి.మీ. చొప్పున 300 మి.మీ. వెడల్పు మెష్ (జాలీ) వేయాలి. క్షారాన్ని తట్టుకునే ఫైబరు మెష్ అయితే తుప్పు బెడద లేదు. పూతకు వారం పాటు నీళ్లు చిలకరించడం అవసరమే, కానీ పైపు పెట్టి గోడ కారేలా కొట్టడం వద్దు. బ్లాకు తాగేసిన నీళ్లు రంగు వేశాక పొక్కులై బయటికొస్తాయి. ఆరిన పూతను తాపీ పిడితో తడుతూ వెళ్లండి. డొల్ల మోత వచ్చినచోట చుట్టూ గీసి తీసేసి మళ్లీ వేయించండి.

కరెంటు గొట్టాలకు గాడి కొట్టేటప్పుడు సుత్తి, ఉలి ముట్టకూడదు. గాడి కోసే కట్టరు గానీ చేతి గీకుడు పనిముట్టు గానీ వాడాలి. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించొద్దు. ఇప్పుడు 100 మి.మీ. గోడకు లెక్క వేయండి. నిలువుకు 33 మి.మీ. వరకు వెసులుబాటు ఉంది, 25 మి.మీ. పైపు పడుతుంది. అడ్డానికి 16 మాత్రమే, అదే పైపు పట్టదు. కాబట్టి సన్నగోడలో అడ్డంగా పైపు లాగకూడదు. స్లాబులో లాగి, కావలసినచోట నిలువుగా దింపాలి. ఒకే చోట గోడకు రెండు వైపులా స్విచ్ బాక్సులు పెట్టినా ఇదే ఇబ్బంది. యాభై మి.మీ. లోతు బాక్సులు రెండు పెడితే మధ్యలో గోడే మిగలదు.

వేలాడదీసే బరువుల విషయంలో ఈ సరుకుకు మేమిచ్చే మార్కులు తక్కువ. మామూలు మేకు, మామూలు నైలాన్ ప్లగ్గు కొన్నాళ్లకు వదులవుతాయి. డ్రిల్లును సుత్తి మోడ్‌లో పెడితే రంధ్రం పెద్దదై పిండి రాలుతుంది. తిరిగే మోడ్‌లోనే, ప్లగ్గు కంటే ఒక మి.మీ. తక్కువ బిట్టుతో రంధ్రం చేసి, ఏఏసీకి తయారుచేసిన, మరలున్న ప్లగ్గు, పొడవాటి స్క్రూ వాడాలి. పాతిక లీటర్ల గీజరు నీళ్లతో కలిసి ముప్పై అయిదు కేజీలు దాటుతుంది. అలాంటివాటికి గోడ ఆరపార బోల్టు వేసి వెనక పట్టీ పెట్టడమో, కెమికల్ యాంకర్ (రంధ్రంలో రసాయన జిగురుతో బిగించే బోల్టు) వాడటమో చేయాలి. తలుపు చట్రానికి ముందే ఏర్పాటు చేసుకోవడం ఉత్తమం. పట్టీలు వచ్చేచోట ఒక్కో వైపు మూడేసి బ్లాకుల స్థానంలో అదే కొలత కాంక్రీటు దిమ్మలు పెట్టి కట్టేస్తే, తలుపు ఎన్నిసార్లు విసురుగా మూసినా చట్రం కదలదు.

చెప్పుకునే గొప్పలు, నిజాలు

బరువు తగ్గడం నిజం. మూడు మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల పొడవు గోడ 200 మి.మీ. ఏఏసీతో పూత లేకుండా ఒకటిన్నర టన్ను లోపే. 230 మి.మీ. ఇటుకతో అయిదు టన్నులు దాటుతుంది. దాంతో ఇనుము బాగా ఆదా అవుతుందని చెప్పేమాట మాత్రం చిన్న ఇంటికి పెద్దగా వర్తించదు. ఒకటి రెండు అంతస్తుల ఇంట్లో పిల్లర్ల సైజు, ఊచలు చాలావరకు కనీస కొలతల మీదే ఉంటాయి. బరువు తగ్గినా అంతకంటే కిందికి దిగడానికి లేదు. పైగా ఇటుకకు గీసిన డ్రాయింగునే ఉంచి బ్లాకు కడితే ఆదా ఎలా వస్తుంది? ఇంజినీరు ముందే లెక్క మార్చాలి, ఆ లెక్కలో కూడా తడి, మాలు కలుపుకుని సాంద్రత 600 కాకుండా 750–800 కేజీలు తీసుకోవాలి. భూకంపం వచ్చినప్పుడు తేలిక గోడ మీద పడే తోపుడు తగ్గుతుంది. ఇది మాత్రం చిన్న ఇంటికీ దక్కే లాభమే, గోడను పిల్లరుకు పట్టీలతో కట్టి ఉంటే.

చల్లదనం సంగతి. ఉష్ణ వాహకత (వేడిని దాటనిచ్చే గుణం, వాట్/మీటరు·కెల్విన్ లెక్కన) ఏఏసీకి సుమారు 0.16, ఇటుకకు 0.7–0.8. పూతలు కలుపుకుని లెక్కేస్తే 200 మి.మీ. ఏఏసీ గోడలోంచి వచ్చే వేడి 230 మి.మీ. ఇటుక గోడలోంచి వచ్చేదానిలో మూడో వంతు. ఇది పొడి బ్లాకు లెక్క. తడి 20 శాతం ఉందంటే వాహకత దాదాపు రెట్టింపవుతుంది. ఒక అంతస్తు ఇంట్లో ఎండ వేడిలో పెద్ద భాగం పైకప్పు నుంచి, కిటికీల నుంచి వస్తుందని కూడా మరిచిపోవద్దు. స్లాబు పైన ఏమీ చేయకుండా గోడలు మార్చితే ఆశించినంత తేడా రాదు.

నిప్పుకు తట్టుకోవడంలో వంక పెట్టడానికి లేదు, కాలే పదార్థమే అందులో లేదు. శబ్దం అడ్డుకోవడంలో మాత్రం ప్రచారానికీ వాస్తవానికీ పొత్తు కుదరదు. శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా గోడ బరువు. పూత వేసిన ఇటుక గోడ 50 డెసిబెళ్ల దాకా ఆపుతుంటే 200 మి.మీ. ఏఏసీ 45 దగ్గర ఆగుతుంది, 100 మి.మీ. అడ్డగోడ ఇంకా తక్కువ. పడకగదుల మధ్య 150 మి.మీ. పెట్టుకోండి.

వాడకూడని చోట్లు

పునాదిలో, ప్లింత్ కింద, మట్టి తగిలేచోట, నీళ్ల ట్యాంకు గోడలకు వాడొద్దు. బాత్రూములో అడుగున 150–200 మి.మీ. ఎత్తు కాంక్రీటు కట్టు పోసి దాని మీద బ్లాకు మొదలుపెట్టాలి. స్నానం చేసే చోట 1.8 మీటర్ల ఎత్తు దాకా, మిగతాచోట్ల 300 మి.మీ. దాకా వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, గోడా నేలా కలిసే మూలలో ఫైబరు పట్టీ పెట్టి వేయాలి. టైలు నీళ్లను ఆపుతుందనుకోవడం పొరపాటు. టైళ్ల సందుల్లోంచి దిగే కాస్త కాస్త తడి ఇటుక గోడలో అయితే ఆరిపోయే అవకాశం ఉంది. ఏఏసీలో అది పోగవుతూ పోయి, గోడ అవతలి పడకగదిలో రంగు మీద మచ్చగా తేలుతుంది. వంటింటి సింకు వెనకాల కూడా అదే జాగ్రత్త. బయటి గోడలకు కిటికీ కింద నీళ్లు జారిపోయేలా అంచు, ప్యారాపెట్ గోడ నెత్తిన కాంక్రీటు కప్పు వేయాలి. ప్యారాపెట్‌ను కప్పు లేకుండా వదిలేస్తే వాన నేరుగా పైనుంచే బ్లాకులోకి దిగుతుంది.

జిగురు, పళ్ల తాపీ కొత్తగా చూస్తున్న మేస్త్రీ అయితే మొదటి రెండు రోజులు ఇల్లు మీద కాకుండా ఒక చిన్న గోడ కట్టించి, మర్నాడు విప్పి అతుకులు చూడటం నయం. అందుకు పది బ్లాకులు పోయినా దండగ కాదు. చేయి తిరిగాక వేగం నిజంగానే పెరుగుతుంది. ఒక 200 మి.మీ. బ్లాకు పట్టే చోటుకు పది పన్నెండు ఇటుకలు కావాలి. అలాంటి మేస్త్రీ దొరకని చోట, బ్లాకులు ఆరబెట్టడానికి వ్యవధి లేని చోట, వానాకాలం నడిమధ్యలో హడావిడిగా ముగించాల్సిన పనికి మంచి ఇటుకో గట్టి సిమెంటు బ్లాకో ఎంచుకోవడమే తెలివైన పని.

మిగిలిన ముక్కల గురించి ఒక మాట. పని అయ్యాక విరిగిన ఏఏసీ ముక్కలన్నీ ఊడ్చి, పైపుల కోసం నేలను కిందికి దించిన బాత్రూము సంకెన్‌లో నింపడం చాలాచోట్ల జరుగుతుంది. తేలికగా ఉంటుంది, చెత్త కూడా పోతుంది కదా అనుకుంటారు. పైపు అతుకులో చుక్క కారినా ఆ ముక్కలన్నీ నీళ్లు తాగి స్పాంజిలా కూర్చుంటాయి. కింద స్లాబులో మచ్చ వచ్చేసరికి లీకు ఎక్కడుందో వెతకడానికి నేలంతా తవ్వాలి. ఆ ముక్కలు సంచుల్లో నింపి బయటికి పంపండి.